చైనా పిల్లల ఇంగ్లీషు: చదివిన చోటే వ్యాకరణం

ఇంగ్లీషు మాట వచ్చినప్పుడల్లా మన బడుల తల్లిదండ్రుల సమావేశాల్లో చైనా పేరు వినిపిస్తుంది. 'ఇంగ్లీషు లేకుండానే చైనా ఎదిగింది కదా' అని ఒకరంటే, 'ఇప్పుడు వాళ్లూ ఇంగ్లీషు వెంటే పరుగెడుతున్నారు' అని మరొకరంటారు. రెండింటిలోనూ సగమే నిజం ఉంది. మిగతా సగం తెలియాలంటే అక్కడ మన ఇంటర్ ఈడు పిల్లలు రాసే ఇంగ్లీషు ప్రశ్నపత్రాన్ని చూడాలి.

చైనాలో హైస్కూలు చదువు ముగించిన పిల్లలు విశ్వవిద్యాలయంలో చేరడానికి రాసే జాతీయ పరీక్ష పేరు గావోకావ్. ఏటా జూన్ 7న మొదలవుతుంది. 2024లో దీనికి 1.34 కోట్ల మంది దరఖాస్తు చేశారు. చాలా ప్రావిన్సుల్లో మొత్తం మార్కులు 750. అందులో చైనీస్ భాషకు 150, గణితానికి 150, విదేశీ భాషకు 150. విదేశీ భాషగా జపనీస్, రష్యన్, జర్మన్, ఫ్రెంచ్, స్పానిష్ కూడా తీసుకోవచ్చు గానీ అత్యధికులు రాసేది ఇంగ్లీషే. చదువంతా చైనీస్ మాధ్యమంలోనే. ఇంగ్లీషు ఒక సబ్జెక్టు మాత్రమే.

ఇంగ్లీషు బరువు తగ్గించాలన్న వాదన అక్కడ కొత్తది కాదు. గావోకావ్‌లో ఇంగ్లీషు మార్కులను 150 నుంచి 100కు తగ్గిస్తామని 2013లో బీజింగ్ ముసాయిదా ప్రకటించింది. అది అమలు కాలేదు. 2021 మార్చిలో జాతీయ సలహా సభ సభ్యుడొకరు బడుల్లో ఇంగ్లీషును ప్రధాన సబ్జెక్టుల నుంచి తప్పించాలని ప్రతిపాదించారు. అదీ అమలు కాలేదు. అదే ఏడాది జులైలో నిర్బంధ విద్య దశలో పాఠ్యాంశాలపై లాభాపేక్షతో నడిచే ట్యూషన్లను ప్రభుత్వం కట్టడి చేసింది. 2022 నాటి పాఠ్యప్రణాళికలో తొమ్మిదో తరగతి వరకు విదేశీ భాషకు దక్కిన సమయం మొత్తం పీరియడ్లలో 6 నుంచి 8 శాతం. చైనీస్‌కు 20 నుంచి 22 శాతం. 2023 సెప్టెంబరులో షియాన్ జియావోటాంగ్ విశ్వవిద్యాలయం, పట్టా పొందడానికి జాతీయ ఇంగ్లీషు పరీక్షతో ముడిపెట్టిన నిబంధనను ఎత్తేసింది. 'చైనా ఇంగ్లీషును వదిలేస్తోంది' అన్న మాటలు ఇలాంటి వార్తల నుంచే పుడుతున్నాయి. కానీ గావోకావ్‌లో ఆ 150 మార్కులు అలాగే ఉన్నాయి.

105 మార్కులు ఎక్కడున్నాయి?

చాలా ప్రావిన్సులు వాడుతున్న కొత్త తరహా ప్రశ్నపత్రంలో విని జవాబు రాయడానికి 30 మార్కులు. తర్వాత నాలుగు పాఠ్యభాగాలు చదివి 15 ప్రశ్నలకు జవాబులు గుర్తించాలి. మరో వ్యాసంలో ఐదు ఖాళీలుంటాయి. ఏడు వాక్యాలిచ్చి వాటిలోంచి సరిపోయే ఐదింటిని ఎంచుకోమంటారు. ఈ రెండూ కలిపి 50 మార్కులు. ఒక కథలో 15 ఖాళీలకు సరైన మాటలు ఎంచుకుంటే 15. వ్యాకరణానికి 15. ఉత్తరం వంటి చిన్న రాతపనికి 15. చివరిది 25 మార్కుల ప్రశ్న: ఒక కథను సగం వరకు ఇస్తారు, మిగిలిన రెండు పేరాల మొదటి వాక్యాలు కూడా ఇస్తారు. కథను దాదాపు 150 మాటల్లో పిల్లలే ముగించాలి.

లెక్క వేయండి. వినడానికిచ్చిన 30, ఉత్తరానికిచ్చిన 15 పక్కన పెడితే, మిగిలిన 105 మార్కులూ ఎదుట ఉన్న పాఠ్యభాగాన్ని చదివి అర్థం చేసుకున్నవారికే వస్తాయి. వ్యాకరణానికి విడిగా ఉన్నవి పదో వంతే.

ఆ పదో వంతు కూడా విడి వాక్యాల మీద కాదు. ఒక వాక్యమిచ్చి నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తించమనే పాత పద్ధతిని జాతీయ ప్రశ్నపత్రాల నుంచి 2014లో తీసేశారు. ఇప్పుడు సుమారు 200 మాటల పాఠ్యభాగంలో పది ఖాళీలుంటాయి. కొన్నిచోట్ల పక్కన మూలపదం ఇస్తారు, కొన్నిచోట్ల ఏమీ ఇవ్వరు. 'బిల్డ్' అనే క్రియ ఇచ్చారనుకుందాం. దాన్ని 'బిల్ట్' అనాలా, 'బిల్డింగ్' అనాలా, 'వాజ్ బిల్ట్' అనాలా అన్నది ఆ ఒక్క వాక్యంలో తేలకపోవచ్చు. ముందూ వెనకా చదివితేనే తెలుస్తుంది. సూత్రం కంఠస్థం చేసినంత మాత్రాన ఇక్కడ పని జరగదు.

ఈ పాఠ్యభాగాల విషయాలు కూడా గమనించదగినవి. కొత్త తరహా మొదటి ప్రశ్నపత్రంలో ఈ వ్యాకరణ భాగం 2021లో హువాంగ్‌షాన్ కొండ యాత్ర గురించి, 2022లో పాండాల జాతీయ వనం గురించి, 2023లో షియావోలాంగ్‌బావ్ అనే ఆవిరి కుడుముల గురించి వచ్చింది. విషయం ఇంట్లో తెలిసిందే, భాషే కొత్తది. తెలిసిన విషయం కొత్త భాషకు ఊతమవుతుంది.

ఎవరి తప్పులు వారివి

చైనీస్‌లో క్రియ కాలాన్ని బట్టి రూపం మారదు. నిన్న, రేపు వంటి మాటలు, కొన్ని చిన్న పదాలు కాలాన్ని చెబుతాయి. అతను, ఆమె, అది - మూడింటికీ నోటితో పలికేది ఒకటే మాట, 'తా'. రాతలోనే తేడా. అందుకే బాగా చదివే చైనా విద్యార్థి కూడా మాట్లాడేటప్పుడు 'హీ' అనాల్సిన చోట 'షీ' అనేస్తాడు. 'ఎ', 'ది' వంటి ఆర్టికల్స్ అక్కడా లేవు, తెలుగులోనూ లేవు. 'నిన్న వచ్చిన అబ్బాయి' అన్నప్పుడు వివరం ముందు, మనిషి తర్వాత. చైనీస్‌లోనూ అంతే. ఇంగ్లీషులో ఈ వరుస తిరగబడుతుంది. ఈ రెండు చోట్లా మన పిల్లలు, వాళ్లు ఒకేలా తడబడతారు.

కానీ 'వెళ్లాను, వెళ్తాను; వెళ్లాడు, వెళ్లింది' అనే తెలుగు పిల్లలకు కాలాన్ని బట్టి, కర్తను బట్టి క్రియ మారుతుందన్న సంగతి ఇంట్లోనే వచ్చేసింది. ఇంగ్లీషులో క్రియ చివర 'ఎస్' ఎందుకు చేరుతుందో చెప్పాల్సి వచ్చినప్పుడు ఆ తెలివిడిని వాడుకోకపోతే మనదే నష్టం. పిల్లల భాష తెలిసిన ఉపాధ్యాయులు వాళ్లు ఎక్కడ తప్పు చేస్తారో ముందే ఊహించగలరు.

అక్కడి లోట్లు

చైనాలో అంతా బాగుందనుకుంటే పొరపాటే. పాఠ్యభాగాన్ని చదవకుండా ప్రశ్న చూసి జవాబు పట్టే చిట్కాలు నేర్పే అలవాటు అక్కడా ఉంది. బీజింగ్, షాంఘై, గ్వాంగ్‌డాంగ్‌లలో మాట్లాడే పరీక్ష ఉంది గానీ, పైన చెప్పిన 150 మార్కుల పత్రంలో నోటి మాటకు ఒక్క మార్కూ లేదు. రాయగలిగి మాట్లాడలేని ఈ స్థితిని వాళ్లే 'మూగ ఇంగ్లీషు' అంటారు. డబ్బున్న నగర కుటుంబాల పిల్లలకు, పల్లె పిల్లలకు మధ్య అంతరం ఈ సబ్జెక్టులో ఎక్కువన్నది అక్కడి వాదనల్లో తరచూ వినిపించే మాట.

మనలాంటివారు మరచిపోకూడని సంగతి ఇంకొకటి. చైనీస్ మాధ్యమం అంటే అక్కడ అందరికీ మాతృభాషా మాధ్యమం కాదు. 2020 సెప్టెంబరులో ఇన్నర్ మంగోలియాలోని మంగోల్ భాషా బడుల్లో భాషా సాహిత్య పాఠాలను చైనీస్‌లోకి మార్చడం మొదలుపెట్టారు. చాలామంది తల్లిదండ్రులు నిరసనగా పిల్లలను బడికి పంపలేదు. అయినా మార్పు ఆగలేదు. ఆ పిల్లలకు ఇంగ్లీషు మూడో భాష. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళమో కన్నడమో ఒడియానో మరాఠీనో, పుస్తకంలో ఇంగ్లీషు ఉన్న మన పిల్లలకు ఈ బరువు ఎలాంటిదో వివరించనక్కర్లేదు.

మనం చేయగలిగింది

ఇంగ్లీషు రావాలంటే మాధ్యమం మార్చడమొక్కటే దారి అనుకునే తల్లిదండ్రులు ఈ ప్రశ్నపత్రాన్ని గుర్తుంచుకోవాలి. 105 మార్కులు అడుగుతున్నది చదివి అర్థం చేసుకునే శక్తిని. ఆ శక్తి మొదట బాగా వచ్చిన భాషలో పెరుగుతుంది. తెలుగులో పేరా సారం చెప్పలేని బిడ్డ ఇంగ్లీషులో చెప్పడం కష్టం. అలాగని తెలుగు మాధ్యమం ఒక్కటే ఇంగ్లీషు తెచ్చిపెట్టదు. సబ్జెక్టుగానైనా రోజూ చదివించే బడి కావాలి.

ఉపాధ్యాయులు వారానికి రెండు చిన్న పాఠ్యభాగాలు ఎంచుకోవచ్చు. ఊరి సంత, పండుగ, దగ్గరలోని కోట - పిల్లలకు తెలిసిన విషయమైతే మంచిది. ముందు సారాన్ని తెలుగులో చెప్పించాలి. తర్వాత పది మాటలు మూసి, ఏ రూపం రావాలో, ఎందుకు రావాలో అడగాలి. నెలకోసారి సగం కథ ఇచ్చి ముగింపు రాయించాలి. చదివింది పైకి చెప్పిస్తే మూగ ఇంగ్లీషు బెడద కూడా తగ్గుతుంది.

ఇంగ్లీషు రాని తల్లిదండ్రులకూ ఇందులో పని ఉంది. 'ఈరోజు ఇంగ్లీషు పాఠంలో ఏం జరిగింది? తెలుగులో చెప్పు' అని రాత్రి అన్నం దగ్గర అడగండి. బిడ్డ తడుముకోకుండా చెబితే పాఠం అర్థమైనట్టే. చెప్పలేకపోతే, మర్నాడు టీచరును కలిసి అడగాల్సింది ఎన్ని మార్కులు వచ్చాయని కాదు, పాఠం ఎక్కడ అర్థం కాలేదని.