గాలిని కడిగే బాక్టీరియా

బాక్టీరియా అనగానే మనకు కలరా, క్షయ గుర్తుకొస్తాయి. కాని మిత్రులారా, పాలు తోడుకోవడం మొదలు పెంటపోగు ఎరువు కావడం దాకా మన బ్రతుకు నడిచేది వాటి చలవతోనే. అవే సూక్ష్మజీవుల చేత కొన్ని విషవాయువులను కూడా తినిపించవచ్చు. ఇది కల్పన కాదు. 1957లోనే రిచర్డ్ పామెరాయ్ అనే అమెరికన్ మురుగుకంపును మట్టిలోని సూక్ష్మజీవులతో పోగొట్టే పద్ధతికి పేటెంటు పొందాడు. 1980లలో జర్మనీ, హాలండు దేశాలలో ఇలాంటి బయోఫిల్టర్లు బాగా వాడుకలోకి వచ్చాయి.

పద్ధతి సులువే. కంపోస్టులో చెక్కముక్కలు కలిపి సుమారు మీటరు ఎత్తున పరుస్తారు. తడి ఆరకుండా చూస్తూ, అడుగునుంచి చెడుగాలిని నెమ్మదిగా పంపుతారు. వాయువు ఆ తడిలో కరుగుతుంది, బాక్టీరియాకు ఆహారమవుతుంది. టోలుయీన్, స్టైరీన్ వంటివి చివరకు బొగ్గుపులుసు వాయువు, నీరుగా మారతాయి. కుళ్లిన గుడ్ల కంపు కొట్టే హైడ్రోజన్ సల్ఫైడును థయోబాసిల్లస్ జాతి సల్ఫేటుగా మార్చేస్తుంది. చెడుగాలిని మంటలో కాల్చి శుద్ధిచేసే పద్ధతికయ్యే ఇంధనం ఖర్చు ఇందులో లేదు.

మరి మురుగునీటి పంపింగు కేంద్రాల పక్కన కాపురముండేవాళ్లు ఎల్లకాలం ముక్కు మూసుకొని బ్రతకాల్సిందేనా? "కంపేగదా, అలవాటవుతుందిలే" అనేది అక్కడ ఇల్లు లేనివాళ్ల మాట. ఇలాంటి చోట్ల బయోఫిల్టరును తప్పనిసరి చెయ్యాలని నా అభిప్రాయం.

అయితే ఒక్క మాట. బాక్టీరియాను చూపించి యాజమాన్యాలు చేతులు దులుపుకోరాదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ శివారు వెంకటాపురంలో ఫ్యాక్టరీ ట్యాంకు నుంచి వెలువడిన స్టైరీన్ ఆవిరి 12 మందిని బలిగొన్నది. స్టైరీన్ను తినే సూడోమోనాస్ బాక్టీరియా ఉన్నమాట నిజమే. కాని అది రోజూ కొద్దికొద్దిగా వచ్చే ఆవిరిని అరిగించుకోగలదేగాని, ఒక్కసారిగా ఊరిమీద పడే విషాన్ని ఆపలేదు. అక్కడ కావలసింది ట్యాంకును చల్లగా ఉంచే ఏర్పాటు, వేళకు మోగే సైరను, మొహమాటం లేని తనిఖీ. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే లాభమేముంది?

రోజువారీ కాలుష్యానికి బాక్టీరియా, ప్రమాదాలకు మనుషుల జాగ్రత్త: రెండూ కావాలి. ఒకటి ఉందని రెండోది మానరాదు.

రసాయన, వృక్షశాస్త్ర శాఖలు చేయి కలిపితే ఒక గొట్టం, గంపెడు కంపోస్టు, చిన్న పంపుతో మన లేబొరేటరీలోనే, లెక్చరర్ల పర్యవేక్షణలో, ఈ ఫిల్టరును తయారుచేసి చూడవచ్చు. రికార్డు పుస్తకంలో బాక్టీరియా బొమ్మలు గీయడంతోనే మన చదువు ఆగిపోరాదు. మన ఊరి గాలికి పనికొచ్చేదాకా సాగాలి.