ఆటలోని రహస్య సంఘము

1974లో అమెరికాలో గైగాక్స్, ఆర్నెసన్ అను ఇరువురు ‘డన్జన్స్ అండ్ డ్రాగన్స్’ అను ఊహాలోకపు ఆటను వెలువరించిరి. ఎడ్ గ్రీన్‌వుడ్ కల్పించిన, ఆ ఆటలో వాడబడు లోకములో ‘హార్పర్లు’ అను రహస్య సంఘము కలదు. నెలవంక, తంత్రీవాద్యము వారి గుర్తు. దుష్టప్రభువుల నెదిరించుటకే వారు దాగియుందురు.

హచ్చొళ్ళి బాలబాలికలు సంఘములు కట్టి, ప్రతి అక్షరమునకు ముందు ‘క’ చేర్చి గుసగుసలాడుట మేమెరుగుదుము. చిన్ననాడు మేమును ఆడినవారమే! కాని ప్రక్కనున్న కన్నడ బాలుడు తెల్లబోయి చూచునపుడు, ఆ రహస్యము ఏ దుష్టుని నెదిరించుచున్నది? 1953లో బళ్ళారి మైసూరు రాష్ట్రమున చేరినది మొదలు తెలుగు ఇచ్చట అల్పసంఖ్యాకుల భాష. దానిని మనమే గూఢభాషగా చేసికొన్నచో పొరుగువాడెట్లు నేర్చును? పిల్లలారా, సంఘము కట్టుడు. సంకేతమును ఆ బాలునకును చెప్పుడు.