మూడు తరాల్లో మారిన పేరు

నా దగ్గర చదువుకొని, ఇప్పుడు పటాన్‌చెరు పారిశ్రామికవాడలో పనిచేస్తున్న ఒక యువకుడు ఇటీవల ఒక పాత రేకు డబ్బా పట్టుకొని వచ్చాడు. వాళ్ళది లక్డారం. రాతి క్వారీలూ, కంకర క్రషర్లూ ఉన్న ఊరు కనుక ఈ పత్రిక పాఠకులలో చాలామందికి ఆ పేరు తెలిసే ఉంటుంది. చెల్లెలికి సంబంధం కుదిరే దశలో ఉన్నదట. అవతలివారు హసబ్ నసబ్ అడిగారు. "మేము సయ్యదులం అని నాన్న చెప్పాడు మౌలానా సాబ్. కాగితం ఏదైనా ఉంటే చూపమన్నారు. ఇందులో ఉర్దూ కాగితాలున్నాయి, మాకు చదవరావు" అన్నాడు.

డబ్బాలో అన్నింటికంటే అడుగున మడతలు చిరిగిన నికాహ్‌నామా ఒకటి దొరికింది. గొలుసుకట్టు షికస్తా రాత. నుక్తాలు సగం లేవు. తేదీ మాత్రం రెండు విధాలుగా ఉన్నది: 1347 హిజ్రీ, రజబ్, 1338 ఫస్లీ, బహ్మన్. పాత కాగితాలు ఉన్న కుటుంబాలకు పనికివచ్చే లెక్క ఒకటి చెబుతాను. నిజాం రాజ్యంలో ఫస్లీ సంవత్సరం అక్టోబరు మొదటి వారంలో ఆజుర్ మాసంతో ప్రారంభమయ్యేది. డిసెంబరు వరకు ఫస్లీకి 590 కలపాలి, జనవరి నుండి 591 కలపాలి. బహ్మన్ మూడవ మాసం. అంటే ఆ పెళ్ళి జరిగింది 1928 డిసెంబరులో. హిజ్రీ రజబ్ కూడా సరిగ్గా అక్కడే పడుతున్నది. కనుక కాగితం నమ్మదగినదే.

పెళ్ళికొడుకు ఈ అబ్బాయి ముత్తాత. ఆయన పేరు, వల్ద్ అని తండ్రి పేరు, ఆ పక్కన ఒక్క మాట: సంగ్‌తరాష్. రాళ్ళు చెక్కేవాడు. సయ్యద్ లేదు, షేఖ్ కూడా లేదు.

మిగిలిన కాగితాలు వరుసగా పేర్చి చూశాము. తాత నికాహ్‌నామాలో పేరు ముందు షేఖ్ వచ్చి చేరింది. తండ్రి బడి సర్టిఫికెట్‌లో అది సయ్యద్ అయింది. ఎవరు చేర్చారో చెప్పగలవారు లేరు. మూడు తరాల్లో మూడు పేర్లు. అబ్బాయి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఈ కాగితం లేదనుకుంటే ఏమవుతుంది మౌలానా సాబ్?" అని మెల్లగా అడిగాడు.

వాడిని కోప్పడలేకపోయాను. మన సమాజంలో షజరాలు గోడకు వేలాడదీసుకొనే ఇళ్ళు ఎన్నో చూశాను. నాలుగు తరాలు దాటాక వాటిలో ఎన్నింటికి ఆధారం ఉన్నదో అల్లాహ్‌కే తెలుసు. అయినా ధర్మం ఈ విషయంలో సందేహానికి చోటివ్వలేదు. హజ్రత్ జైద్ (రజి)ను మహాప్రవక్త (స) కన్నకొడుకులా పెంచుకున్నారు. ప్రజలు ఆయనను జైద్ బిన్ ముహమ్మద్ అనే పిలిచేవారు. అంతకన్నా గొప్ప వంశం పేరు ఏమున్నది? కానీ అహ్‌జాబ్ సూరా అయిదవ ఆయత్ అవతరించగానే ఆయన తిరిగి జైద్ బిన్ హారిసా అయ్యారు. ఆ మార్పుతో ఆయన గౌరవం ఏమీ తగ్గలేదు. సహాబాలందరిలో ఖుర్ఆన్‌లో పేరు వచ్చినది ఆయన ఒక్కరిదే. తెలిసి తెలిసి తండ్రి కానివాడిని తండ్రిగా చెప్పుకోవడంపై హదీసులలో వచ్చిన హెచ్చరిక ఎంత తీవ్రమైనదో మదర్సాలో మొదటి సంవత్సరాల విద్యార్థికి కూడా తెలుసు.

అలాగని వంశం తెలుసుకోవడం వ్యర్థమని కాదు. బంధుత్వాలు కలుపుకోవడానికి సరిపడా వంశజ్ఞానం నేర్చుకోమని ప్రవక్త (స) బోధించారు. హజ్రత్ ఉమర్ (రజి) దీవాన్ ఏర్పాటు చేసినప్పుడు ఖురైష్ వంశాలు బాగా ఎరిగిన అఖీల్, మఖ్రమా, జుబైర్ బిన్ ముత్‌ఇమ్‌లకు ఆ పట్టీ రాసే పని అప్పగించారు. వారు ఖలీఫా వంశాన్ని ముందుకు తెచ్చి రాస్తే, ఆయన ఒప్పుకోక తన వారిని వారి అసలు స్థానానికి దించి రాయించారు.

ఇక అబ్బాయికి చెప్పవలసి వచ్చిన కఠినమైన విషయం వేరే ఉన్నది. కొన్నేళ్ళ క్రితం అతని తండ్రి చేయి యంత్రంలో నలిగింది. ఇంట్లో పొయ్యి వెలగని రోజులు. మస్జిద్ వారు జకాత్ సొమ్ము తీసుకువెళితే, "మేము సయ్యదులం, మాకు జకాత్ హరామ్" అని తిప్పి పంపారు. ప్రవక్త (స) వంశీకులకు జకాత్ చెల్లదన్నది నిజమే. కానీ ఆ ఇల్లు గడవడానికి తెచ్చుకున్నది వడ్డీ అప్పు. తమది కాని వంశగౌరవం కోసం ధర్మసమ్మతమైన సొమ్మును కాదని, ఏ సందేహమూ లేని హరామ్‌లో కాలు పెట్టారు. వారు తెలిసి చేయలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మరొకటి కూడా. 2007 చట్టం ముస్లిములలో 14 వర్గాలను బీసీ-ఈ కింద చేర్చి నాలుగు శాతం రిజర్వేషన్ ఇచ్చింది. రోళ్ళకు, విసుర్రాళ్ళకు కక్కు కొట్టే తురక కాశ వారు అందులో ఉన్నారు, షేఖులూ ఉన్నారు. సయ్యదులు, మొఘలులు, పఠానులు లేరు. ఈ పిల్లలు ఆ జాబితా వైపు కన్నెత్తి చూడలేదు. అయితే ఒక్క మాట చూసి తురక కాశ అని రాయించుకోవడానికి పరుగెత్తవద్దని కూడా చెప్పాను. సంగ్‌తరాష్ అన్నది చేసిన పని. ఆ మనిషి ఏ వర్గమో పెద్దలను అడిగి, రికార్డు చూసి నిర్ధారించుకోవాలి. లాభం కోసం వంశం మార్చడం ఏ దిక్కుకు మార్చినా అబద్ధమే.

రికార్డు అంటే అందరూ 1954-55 ఖాస్రా పహాణీ అంటారు, సేత్వార్ అంటారు. సెంటు భూమి లేని రాతిపనివాడి పేరు వాటిలో పట్టాదారుగా ఎలా ఉంటుంది? ఆడవారి పేర్లు అక్కడ కనబడేది మరీ అరుదు. ఖాజీ గారి సియాహాలో మాత్రం పేదవాడి పేరూ ఉంటుంది, వధువు పేరూ, ఆమె తండ్రి పేరూ, వకీలు, సాక్షులూ ఉంటారు. ఈ అబ్బాయికి ముత్తవ్వ పేరు మొదటిసారి తెలిసింది ఆ కాగితం వల్లనే. మీ ఇళ్ళలో ఉన్న నికాహ్‌నామాలను చెదలకు వదలకండి. చదవరాకపోతే దగ్గరి మదర్సాకు తీసుకువెళ్ళండి.

కాగితం దాచవద్దని, పిల్లవాడి తరఫు వారికి ఉన్నది ఉన్నట్టు చెప్పమని అన్నాను. కాబా గోడలను రాయి మీద రాయి పేర్చి లేపినది ఇబ్రాహీం, ఇస్మాయీల్ (అలైహిముస్సలాం) అని గుర్తుచేశాను. వాడు తల ఊపాడు కానీ ముఖం తేటపడలేదు. పెళ్ళి చెల్లెలిది, మాట పడవలసింది ఆ అమ్మాయి. ఆ భయం నాకూ ఉన్నది.

రెండు రోజుల తర్వాత ఫోన్ చేశాడు. ఎనభై దాటిన వాళ్ళ దాదీకి విషయం చెప్పారట. ఆమె ఏమాత్రం ఆశ్చర్యపోలేదట. మామగారు రోళ్ళు చెక్కేవాడని, ఆయన చేతి రోలు ఒకటి తన పుట్టింట్లో ఉండేదని చెప్పిందట. ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదంటే, "నన్ను ఎవరు అడిగారు? మీ నాన్న సంతోషంగా చెప్పుకుంటుంటే కాదని ఎలా అంటాను?" అన్నదట.

అవతలి నుండి జవాబు ఇంకా రాలేదు. ఆ కాగితం తన ఎదుట చదివి వినిపించమని తండ్రి అడిగాడట. వచ్చే జుమా నమాజు తర్వాత లక్డారం వెళుతున్నాను. వడ్డీ అప్పు ఎంత మిగిలిందో కూడా అప్పుడే అడగాలి.