గణకశాస్త్ర చరిత్రకారుల ప్రణాళిక

లెక్కపుస్తకము వర్తకులకును గుమాస్తాలకును మాత్రమే పనికివచ్చు నీరసవస్తువనియు, దాని చరిత్ర పరీక్షకు పోవు విద్యార్థులకు దప్ప ఇతరులకు నిష్ప్రయోజనమనియు లోకమున పాతుకొనిపోయిన భావమును తొలగింపనెంచి, గణకశాస్త్ర చరిత్రను సామాన్యపాఠకునికై వ్రాయబూనిన మేము ఈ ప్రణాళికను ప్రకటించుచున్నాము.

ఈ విద్య అక్షరమంత ప్రాచీనమైనది. మెసపొటేమియాలోని ఉరుక్ నగరమున క్రీస్తుపూర్వము నాలుగవ సహస్రాబ్ది చివర మట్టిపలకలపై వెలసిన తొలి వ్రాతలలో అధికభాగము ధాన్యమునకును, పశువులకును, పనివారి బత్తెములకును సంబంధించిన లెక్కలే. కావ్యములు తరువాత వచ్చినవి.

కావున మా ప్రతి రచనయు ఒక పుస్తకముతోను, దానిని వ్రాసిన చేతితోను ఆరంభము కావలెను. ఇటలీలోని ప్రాతో పట్టణపు వర్తకుడు ఫ్రాంచెస్కో దాతీని 1410లో మరణింపగా, అతని ఇంట మరుగునపడియుండి 1870లో వెలికివచ్చిన ఐదువందలకు పైబడిన లెక్కపుస్తకములును, సుమారు లక్షయేబది వేల లేఖలును ఒక యుగపు జీవితమునే మనకు దక్కించినవి. ఇట్టి నిధి యుండగా శుష్కసిద్ధాంతములతో పాఠకుని విసిగింపనేల?

పరిభాషను దాచము, వివరింపక విడువము. జంటపద్దు అనగా ఒకే మొత్తము పుచ్చుకొన్న ఖాతాలో ఖర్చుగను, ఇచ్చిన ఖాతాలో జమగను రెండుచోట్ల ఎక్కుటయనియు, అందుచేతనే ఖాతాల నిల్వలన్నియు చేర్చి సరిచూచు అంకణాలో ఇరువైపుల మొత్తములు సమానము కావలెననియు పద్దులు వేసి చూపిన పిమ్మటనే ముందునకు సాగుదుము. 1494లో వెనిస్‌లో అచ్చయిన తన గ్రంథమున ఈ పద్ధతిని వివరించిన లూకా పాచోలీ మహోపకారియే. కాని ఫరోల్ఫీ అను ఇటలీ వర్తకసంస్థవారు జంటపద్దులతో వ్రాయించిన 1299–1300 నాటి ఆవర్జా నేటికిని మిగిలియుండగా, అతనిని ఈ విద్యకు జనకుడనుట మాకు సమ్మతము కాదు.

అంకణా సరిపోయినంత మాత్రమున ధర్మము సరిపోయినట్లు కాదు. పందొమ్మిదవ శతాబ్ది నడుమ అమెరికా దక్షిణరాష్ట్రములలో తామస్ ఆఫ్లెక్ అచ్చువేయించిన ప్రత్తితోటల లెక్కపుస్తకములలో, బానిసలుగా నున్న స్త్రీపురుషులకు సంవత్సరాదిని ఇంత, సంవత్సరాంతమున ఇంత అని వెలకట్టుటకు గడులుండెను. అట్టి పుస్తకపు కూర్పునందలి నేర్పును మాత్రము మెచ్చి ఊరకుండుట పాపము. ఆ గడిలో పేరెక్కిన మనిషిని పాఠకుని యెదుట నిలుపుట మా విధి.

మన దేశమున కరణముల కవిలెలు కలవు. ఈస్టిండియా కంపెనీ అధికారియైన మెకంజీ సేకరింపజేసిన గ్రామకైఫీయతులలో పెక్కింటికి అవియే ఆధారము. అయినను కరణము వ్రాసిన శిస్తులెక్కయే చదువురాని రైతునకు శాసనమైన సంగతిని ఆ కవిలెల ప్రశస్తితోపాటు వ్రాయుదుము.

పాఠకులారా, మీ యటకలమీద తాతలనాటి చిట్టాలును, ఆవర్జాలును, కవిలెకట్టలును ఉన్నచో వానిని చిత్తుకాగితములుగా తూకమునకు వేయకుడు; చెదలు ముట్టకమునుపే మాకు చూపుడు.