ముందు కడుగుదాం, తర్వాత తిడదాం



మొన్న డిసెంబరులో మా సిక్స్త్ క్లాస్ అబ్బాయి ఒకడు మూడు రోజులు ఎడమ చేయి డెస్క్ కిందే పెట్టుకుని కూర్చున్నాడు. అనుమానం వచ్చి స్వెటర్ పైకి లాగితే, మోచేయి దగ్గర దోక్కుపోయిన గాయం. చుట్టూ ఎర్రగా వాచింది, మధ్యలో చీము. సైకిల్ మీంచి పడ్డాడట. ఇంట్లో ఎందుకు చెప్పలేదంటే, "డాడీ సైకిల్ లాక్కుంటారు మిస్" అన్నాడు. "నాకైనా చెప్పొచ్చుగా?" అంటే తల దించుకున్నాడు.

అంతకు కొన్నాళ్ల ముందు కారిడార్‌లో పడి చేయి గీరుకున్న పాపను నేను అడిగిన మొదటి మాట "ఎందుకు పరుగెత్తావ్?" అని. అప్పుడు ఈ అబ్బాయీ అక్కడే ఉన్నాడు. అందుకే తప్పు మీ ఒక్కరిదే అనను. పిల్లలు నొప్పికన్నా మన తిట్లకే ఎక్కువ భయపడుతున్నారు. అలా దాచిన గాయమే ముదురుతుంది.

చర్మం తెగినా, దోక్కుపోయినా, ఏదైనా గుచ్చుకున్నా, లోపలికి క్రిములు వెళ్లడానికి దారి దొరికినట్టే. కాబట్టి మొదటి పని శుభ్రం చేయడం. ముందు మీ చేతులు కడుక్కోండి. పిల్లల చేతికున్న వాచీ, గాజులు, కాశీదారం తీసేయండి. వాపు వస్తే అవి బిగుసుకుంటాయి, పైగా తడిసిన దారంలో మురికి ఉంటుంది. రక్తం బాగా కారుతుంటే శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు గట్టిగా అదిమి పట్టండి. మధ్యమధ్యలో తీసి చూడొద్దు. చేయి గుండెకన్నా ఎత్తులో ఉంచండి. రక్తం ఆగాక కుళాయి ధార కింద కడిగి, చుట్టూ సబ్బుతో శుభ్రం చేసి, శుభ్రమైన గాజుగుడ్డతో కట్టు కట్టండి. తడిసినా, మాసినా మార్చండి. గాజుపెంకు లోతుగా దిగితే మాత్రం మీరు లాగొద్దు, ఆసుపత్రికి తీసుకెళ్లండి.

పసుపు, కాఫీ పొడి, టూత్‌పేస్ట్ వద్దు. మా అమ్మమ్మా పసుపే అద్దేది, ఆ ప్రేమను నేను కాదనను. కానీ వంటింటి పసుపు డబ్బాలో అందరి చేతులూ పడతాయి. కాఫీ పొడి గాయంలో అతుక్కుంటే డాక్టరు మళ్లీ అదంతా కడిగి తీయాలి, బిడ్డకు రెండోసారి నొప్పి. ఇంకో మాట: చీము పడుతుందని పప్పు, గుడ్డు మానిపించకండి. చీము పట్టేది క్రిముల వల్ల. గాయం మానడానికి ప్రోటీన్ కావాలి.

కట్టు కట్టే ముందు వేళ్లు ముడిచి తెరవమనండి. ఒక్కో వేలినీ తాకి, తెలుస్తోందా అని అడగండి. వేలు కదలకపోయినా, తిమ్మిరిగా ఉన్నా లోపల నరం గానీ, కండను ఎముకకు కలిపే తాడు గానీ తెగి ఉండొచ్చు. పైకి చిన్న గాటులా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. గాయం నోరు తెరుచుకున్నా, రక్తం ఆగకపోయినా అంతే. కుట్లు పడాలంటే ఆలస్యం పనికిరాదు. తర్వాతి రోజుల్లో ఎరుపు పాకుతున్నా, చీము, జ్వరం వచ్చినా, చంక వైపు ఎర్రటి గీత కనిపించినా డాక్టరుకు చూపించండి. టీకాల కార్డు ఫొటో ఫోన్‌లో పెట్టుకోండి. ధనుర్వాతం టీకా ఐదారేళ్లకు, తర్వాత పదేళ్లకు, పదహారేళ్లకు పడాలి. పదేళ్లది చాలామంది మర్చిపోతారు.

నన్ను ఎక్కువగా భయపెట్టేది వేరే ఉంది. కుక్కో, పిల్లో, కోతో గీరిన గాయాన్ని కూడా పిల్లలు ఇలాగే దాస్తే? రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతికించడం దాదాపు అసాధ్యం. చిన్న గీత అయినా సరే, సబ్బు పెట్టి ధార నీటితో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు టీకాకు తీసుకెళ్లాలి. కానీ బిడ్డ మనకు చెబితేనే కదా ఇదంతా!

జాగ్రత్తలు కూడా కొన్ని ఉన్నాయి. సైకిల్, స్కేటింగ్‌కు మోచేతి ప్యాడ్లు కొనండి. కత్తెర మొన చేతిలోకి మూసి పట్టుకుని నడవడం నేర్పండి. సంక్రాంతికి నూలు దారమే కొనండి. చైనా మాంజాను 2017లోనే జాతీయ హరిత ట్రిబ్యునల్ నిషేధించినా, ఇప్పటికీ చేతులు, గొంతులు కోస్తూనే ఉంది.

ఆ అబ్బాయి చేయి మానింది, చిన్న మచ్చ మిగిలింది. వాళ్ల నాన్నగారు సైకిల్ లాక్కోలేదు, ప్యాడ్లు కొన్నారు. నేనూ మారాలనుకుంటున్నాను. ఇప్పుడు క్లాసులో ఎవరు పడినా ముందు "ఎక్కడ తగిలింది నాన్నా?" అని అడుగుతున్నాను. ఈ రాత్రి భోజనం దగ్గర మీరూ ఒక్క మాట చెప్పండి: "దెబ్బ తగిలితే ముందు మాకు చెప్పు, తిట్టం." చెప్పాక ఆ మాట నిలబెట్టుకోండి.