రైతు కుర్రాడికి పిల్లనెందుకివ్వరు?

పెళ్లి ముహూర్తాలు వస్తున్నాయి, పోతున్నాయి. గుడివాడ, పామర్రు, అవనిగడ్డ పల్లెల్లో ముప్పై దాటినా పెళ్లికాని సేద్యగాళ్లు ఊరూరా కనిపిస్తున్నారు. ఐదెకరాలున్నా, ట్రాక్టరున్నా "అబ్బాయి ఏం చేస్తాడు?" అన్న ప్రశ్న దగ్గరే సంబంధం ఆగిపోతోంది. విజయవాడ మ్యారేజి బ్యూరోల్లో మొదట అడిగేది ఉద్యోగం, తర్వాత జీతం. పొలం సంగతి అడిగినా పంట గురించి కాదు, అమ్మితే ఎంతొస్తుందని.

"ఈ కాలం ఆడపిల్లలకు పట్నం మోజు" అని నింద వేయడం తేలిక. ఆ మాట మేం ఒప్పుకోం. ఆ పిల్ల తల్లిని చూస్తూ పెరిగింది. తెల్లారకముందే పశువుల పని, ఆపైన వంట, ఆపైన నాట్లు, కలుపు. మెళ్లో గొలుసు బ్యాంకులో తాకట్టు. పాసుపుస్తకంలో మాత్రం ఆ తల్లి పేరుండదు. కూతురు వద్దంటున్నది రైతును కాదు, ఆ బతుకును.

లెక్క చూడండి. 2025-26లో సాధారణ రకం ధాన్యానికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. మన 75 కిలోల బస్తాకు 1,777. తేమ, తరుగు పేరుతో కోత పోయి, కౌలు బస్తాలు కొలిచాక కౌలురైతు ఇంటికి చేరేదెంత? 2019 చట్టం కింద సాగు హక్కు కార్డు కావాలంటే భూయజమాని సంతకం పెట్టాలి, అదీ 11 నెలలకే. కార్డు లేనివాడికి పంట రుణం దొరకడం గగనం. బ్యాంకు నమ్మని మనిషిని పిల్లనిచ్చే తండ్రి ఎలా నమ్ముతాడు? స్వామినాథన్ కమిషన్ చెప్పినట్టు ఖర్చుకు 50 శాతం కలిపి ధర ఇవ్వాలని మనం అడిగేది ఈ కుర్రాళ్ల కాపురాల కోసం కూడా.

అయితే ధర ఒక్కటే వస్తే చాలదు. డెల్టాలో పెళ్లి చాలాకాలంగా భూమి బేరంగానే నడుస్తోంది. కట్నం 1961 నుంచి నేరమైనా లాంఛనాల పేరుతో సాగుతూనే ఉంది. కూతురి పెళ్లికి పొలం అమ్మి, అదే పొలం కౌలుకు చేస్తున్నవాళ్లు మన మధ్యే ఉన్నారు. ఎన్టీఆర్ ప్రభుత్వం వారసత్వ చట్టాన్ని సవరించి 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా ఇచ్చింది. 2005లో దేశమంతా ఆ హక్కు వచ్చింది. అయినా "కట్నం ఇచ్చాం కదా" అని వాటా మాట ఎత్తనివ్వరు. కట్నం అత్తింటికి పోతుంది. వాటా ఆమె పేరున ఉంటుంది. రెండూ ఒకటెలా అవుతాయి?

కులం గోడ మరొకటి. పక్క వీధిలో సేద్యం తెలిసిన పిల్ల ఉన్నా, ఇద్దరికీ ఇష్టమున్నా పెద్దలు కదలరు. ఈ జిల్లాలో ఆ గోడ దాటినవాళ్లు లేకపోలేదు. ముదునూరులో 1940లో నాస్తిక కేంద్రం పెట్టి, తర్వాత విజయవాడకు మార్చిన గోరా, తన కూతురు మనోరమకు దళిత యువకుడు అర్జునరావుతో 1948లో సేవాగ్రాంలో పెళ్లి జరిపించారు. ఆయన కొడుకు లవణం 1960లో జాషువా కుమార్తె హేమలతను చేసుకున్నారు. అంగలూరులో పుట్టిన త్రిపురనేని రామస్వామి చౌదరి అందరికీ అర్థమయ్యే తెలుగులో పెళ్లి తంతు కోసం 'వివాహ విధి' రాశారు. వాళ్ల కాలంలో సాధ్యమైంది మన కాలంలో ఎందుకు కాదు?

మన గ్రామ శాఖలు ఈ మూడు పనులు చేపట్టాలని కోరుతున్నాం. కట్నం తీసుకోని పెళ్లికి, కులం దాటిన పెళ్లికి సంఘమే పెద్దగా నిలబడాలి. పెళ్లిచూపుల్లో పిల్లా పిల్లాడూ విడిగా మాట్లాడుకోవాలి. పొలమెంతో, అప్పెంతో దాచకుండా చెప్పుకోవాలి. పెళ్లయ్యాక కొంత భూమైనా కోడలి పేర పాసుపుస్తకంలో ఎక్కించాలి. పంట డబ్బు లెక్క ఆమెకూ తెలియాలి. ఆడపిల్ల రైతు ఇంటికి రావాలంటే ఆ ఇంట్లో ఆమె కూడా రైతుగా లెక్కకు రావాలి. వచ్చే పెళ్లిళ్ల కాలానికి ముందే శాఖలు సమావేశమై తీర్మానాలు చేసి పంపండి.