ఆకాశమున నింధనము

2020 జూలై 29వ తేదీన ఫ్రాన్సు దేశమునుండి వచ్చిన అయిదు రాఫేలు యుద్ధవిమానములు అంబాలా విమానక్షేత్రమున దిగినప్పుడు దేశమంతయు హర్షించినది. హర్షింపదగిన దినమే. కాని దాదాపు ఏడువేల కిలోమీటర్ల ఆ ప్రయాణమున, నడియాకసమునందు, వాని దాహము తీర్చినది ఫ్రెంచి వాయుసేనవారి ట్యాంకరు విమానము. సంబరములలో ఈ సంగతి మరుగుపడినది. ఖడ్గము మనది, దానిని మనయింటికి చేర్చిన చేయి పరులది. ఈ విషయమును పాఠకులు ఒకింత శ్రద్ధతో ఆలోచింపవలెనని మా కోరిక.

యుద్ధవిమానము మోయగల ఇంధనము పరిమితము. ఆయుధభారము హెచ్చినకొలది ఇంధనభారము తగ్గింపవలసివచ్చును. అందుచేత పెద్దవిమాన మొకటి ఇంధనమును నింపుకొని ముందుగా నెగిరి, ఆకాశముననే చిన్నవిమానములకు పంచియిచ్చు పద్ధతి యేర్పడినది. ఇందు రెండు విధములు గలవు. మొదటిది, ట్యాంకరు తోకక్రింద నుండు గట్టి గొట్టమును అందలి ఉద్యోగి నడిపి, వెనుక వచ్చు విమానపు రంధ్రమున చేర్చుట. రెండవది, ట్యాంకరు వెనుక వ్రేలాడు మెత్తని గొట్టపు చివరనున్న బుట్టలోనికి, వెనుక వచ్చు పైలటు తన విమానపు ముందుభాగముననున్న సూదిగొట్టమును గ్రుచ్చుట. మన వాయుసేన తన ట్యాంకరులలో అవలంబించినది ఈ రెండవ పద్ధతి.

చెప్పుటకు సులభము, చేయుట కడు దుర్ఘటము. రెండు విమానములును గంటకు అయిదువందల కిలోమీటర్ల వేగముతో పోవుచుండగా, వెనుకటిది ముందరిదానికన్న మనుష్యుని నడకపాటి వేగమే హెచ్చుగా సమీపింపవలెను. అంతకన్న తగ్గినచో మూత తెరువబడదు. హెచ్చినచో గొట్టము సడలి, అలవలె లేచి, కొరడావలె కొట్టి, సూదిమొన విరిగిపోవును. విరిగిన ముక్క యంత్రము లోనికి పోయిన, పిమ్మట చెప్పవలసిన దేమున్నది? పైగా, విమానము దగ్గరకు వచ్చినకొలది దాని ముక్కు త్రోసిన గాలియే బుట్టను ప్రక్కకు నెట్టివేయును. బుట్టను చూచి తరుమువాడు తప్పును. ట్యాంకరును చూచి నిలకడగా నడుచువాడు గెలుచును. ఇక రాత్రివేళ, మబ్బులలో, గాలి యల్లకల్లోలముగా నున్నప్పుడు, పాత్రలో ఇంధన మడుగంటినప్పుడు ఈ పని యెట్లుండునో పాఠకులే యూహింతురుగాక.

ఈ విద్య పుట్టినది 1923లో, అమెరికాలో. ఆ యేటి జూను నెలలో ఒక విమానమునుండి మరియొకదానికి గొట్టముద్వారా ఇంధన మందించిరి. నవంబరులోనే టెక్సాసున జరిగిన ప్రదర్శనమునందు గొట్టము చుట్టుకొని ఇంధన మిచ్చు విమానము కూలి, దానిని నడుపు సైనికుడు మరణించెను. 1934 సెప్టెంబరులో ఆంగ్ల వైమానికుడు సర్ ఆలన్ కాబ్‌హామ్, దారిలో ఎక్కడను దిగకుండ ఇంగ్లండునుండి ఆనాటి భారతదేశమునందలి కరాచీకి పోవ సంకల్పించి బయలుదేరెను. యంత్రవేగమును నియమించు సంధి యూడి మాల్టాలో దిగవలసివచ్చెను. ఆనాడే, అతనికి ఇంగ్లండుతీరమున ఇంధన మందించిన విమానము తోకభాగమున ఒక మర విరిగి కూలి నలుగురు చనిపోయిరి. ఆకాశమునందు చిన్న మేకును పెద్ద మేకును లేదు. ప్రతి మేకును ప్రాణమే.

1966 జనవరి 17వ తేదీన స్పెయిను దక్షిణతీరమున పాలొమారెస్ అను పల్లెపైన, ముప్పది యొక్క వేల అడుగుల యెత్తున, అమెరికా బాంబరు విమానము ట్యాంకరును వెనుకనుండి సమీపించుచు దానిని ఢీకొనెను. ట్యాంకరునందలి నలుగురును, బాంబరునందలి ఏడుగురిలో ముగ్గురును మృతులైరి. బాంబరు మోయుచున్నవి నాలుగు హైడ్రజను బాంబులు! అణువిస్ఫోటము కాకున్నను, రెండింటియందలి సాధారణ ప్రేలుడు పదార్థము ప్రేలి విషధూళి పొలములపై చల్లబడినది. నాలుగవ బాంబును సముద్రగర్భమునుండి తీయుటకు ఏప్రిలు వరకు పట్టినది. ఆ పల్లెలోని రైతులకును ఈ యుద్ధసన్నాహమునకును సంబంధమేమి? ఒకరి తొందరపాటునకు శిక్ష అనేకులదైనది.

2018 డిసెంబరులో జపాను తీరమున జరిగిన దుర్ఘటన వేరొక పాఠము నేర్పుచున్నది. రాత్రివేళ అమెరికా నౌకాపదాతిదళపు యుద్ధవిమానము, ఇంధనము తీసికొన్న పిమ్మట, ట్యాంకరునకు తగిలి ఆరుగురు ప్రాణములు కోల్పోయిరి. మొదటి విచారణ దోషమును ప్రధానముగా వైమానికులపై మోపినది. తరువాత జరిగిన పునర్విచారణలో ఆ నిర్ణయములయందు తప్పులున్నవని తేలినది. 2016లోనే ఒకినావా చేరువ అట్టిదే యొక ప్రమాదము జరిగియుండగా, దానిని సక్రమముగా విచారింపలేదనియు వెల్లడియైనది. చిన్న ప్రమాదమును దాచినవాడు పెద్ద ప్రమాదమును పిలిచినవాడు. చనిపోయినవారు నోరెత్తలేరు గనుక నేరమంతయు వారి నెత్తిన వేయుట సులభము. సులభమైనది న్యాయము కాదు.

ఇంత అపాయకరమైనదానిని మానరాదా యని కొంద రడుగవచ్చును. మానుటకు వీలులేదు. 1982 మే 1వ తేదీన బ్రిటిషువారు దక్షిణ అట్లాంటికు సముద్రమున ఫాక్‌లాండు దీవులపై ఒక్క బాంబరును పంపుటకు పదునొకండు ట్యాంకరులు నెగురవలసివచ్చెను. దూరమును జయింపగోరువాడు ట్యాంకరులను సమకూర్చుకొనక తప్పదు. పశ్చిమమున ఏడారి, ఉత్తరమున హిమాలయము, తూర్పున అండమాను దీవులవరకు సముద్రము గల మన దేశమున కిది విలాసము కాదు, ఆవశ్యకము.

మన స్థితి యేమి? 2003 మొదలుకొని వాయుసేనయందు ప్రవేశించిన ట్యాంకరులు ఆరు ఇల్యూషిను విమానములు. వాని స్థావరము ఆగ్రా. వీనిలో ఎగురుటకు సిద్ధముగా నుండునవి కావలసినంత లేవని ఆడిటర్ జనరలు నివేదిక 2017లోనే హెచ్చరించినది. క్రొత్తవానికై టెండర్లు పిలుచుట, ఎన్నుకొనుట, 2010లో నొకమారు, 2016లో మరియొకమారు విరమించుకొనుట జరిగినది. 2025 మార్చిలో మన వైమానికుల శిక్షణముకొరకు ఒక విదేశీ సంస్థనుండి ఒక ట్యాంకరును అద్దెకు తీసికొనుటకు ఒడంబడిక చేసికొంటిమి. అద్దె గుఱ్ఱముపై స్వారి నేర్చుకొనుట తప్పు కాదు. కాని సొంత గుఱ్ఱపుశాల కట్టుకొనుట మరచుట తప్పు.

మనవారికి శక్తి లేదని యెవ్వరును అనజాలరు. 2018 సెప్టెంబరు 10వ తేదీన మనదేశమున నిర్మితమైన తేజస్ విమానము, ఇరువదివేల అడుగుల యెత్తున, మన ట్యాంకరునుండి 1,900 కిలోగ్రాముల ఇంధనమును తొలిసారి స్వీకరించినది. కొరతపడినది నేర్పు కాదు, పూనిక. ట్యాంకరులు కొద్దియైనచో అభ్యాసము కొద్దియగును. అభ్యాసము కొద్దియైనచో అపాయము పెద్దదగును. ఈ లెక్క ధనశాఖవారి ఖాతాలలో కానరాదు. ఒక యువకుని ప్రాణముతోనే అది తేలును.

హైదరాబాదు చేరువనున్న దుండిగల్లు విద్యాలయమున ఏటేట మన బిడ్డలు వైమానికులై వెలువడుచున్నారు. కవాతు చూచి చప్పట్లు కొట్టుటతో మన బాధ్యత తీరలేదు. వారికి చాలినన్ని ట్యాంకరులు, చాలినంత అభ్యాసము, ప్రమాదము జరిగినప్పుడు నిష్పక్షపాతమైన విచారణ: ఈ మూడింటిని పార్లమెంటు సభ్యులు సభలో నిలదీసి అడుగవలెను, వారిని ప్రజ లడుగవలెను. ఆకాశమున దప్పిగొన్న సైనికుడు పరాయి గిన్నెకై యెదురుచూచుట స్వతంత్రదేశమునకు శోభ కాదు.